నీళ్ళు తాగే కట్ట

సంచీలో ముందు లుంగీలు పెట్టింది హైమావతి. వాటి మీద రెండు చొక్కాలు, తువ్వాలు, బీపీ మాత్రల సీసా. బట్టల మధ్య సీసా దొరకదేమోనని తీసి పక్క జేబులో పెట్టింది. పక్క జేబు జిప్పు సరిగా పడదు. పడవలో జారిపోతుందేమోనని మళ్ళీ తీసి బట్టల్లోనే దూర్చింది.

"రెండు రోజులకి ఇంత సంచీ ఏంటే? మంగ ఇంట్లో లుంగీలుండవా?" అన్నాడు సింహాద్రి. గుమ్మంలో కూర్చుని బూట్లకి పట్టిన బూడిదని పుల్లతో గీకుతున్నాడు.

"మీ బావగారి లుంగీలు మీకు మోకాళ్ళ దాకా వస్తాయి."

"రానీ. తూములో దిగేవాడికి పొట్టి లుంగీయే మేలు."

ఆవిడ నవ్వలేదు. సంచీ తాడు బిగించి, ముడి వేసి, ఆ ముడి గట్టిగా పడిందో లేదో లాగి చూసింది.

"గిన్నె ఇంకో రెండు రోజులు చూద్దామండీ."

"ఆగిందన్నావా లేదా?"

"అన్నాను."

"మరింకేం?"

నిజమే, ఆగింది. చూసిందే చెప్పింది. ఒక్కరోజు చూసి చెప్పింది, అంతే. ఏ సంగతైనా మూడు రోజులు చూసి గానీ నోటితో అనకూడదని తమ ప్రయోగశాలలో రూలు పెట్టింది కూడా ఆవిడే.

ప్రయోగశాల అంటే పెద్ద హంగేమీ లేదు. మూతబడిన బియ్యం మిల్లులో బాయిలరు గది. హైమావతి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది. సింహాద్రి ముప్ఫై ఏళ్ళు కట్టల మీద, వంతెనల మీద మేస్త్రీగా చేశాడు. పిల్లల్లేరు. సిమెంటు పొగతో ఆకాశం పాడైపోతోందని సర్కారు వాళ్ళు ఊరికింతని కోటా పెట్టిన రోజులవి. పట్నంలో వంతెనలకీ ఆస్పత్రులకీ పోగా పల్లెలకి దొరికేది పిడికెడు. బియ్యం మిల్లులు మాత్రం ఊకని బాయిలర్లలో కాల్చి, బూడిదని రోడ్ల పక్కన గుట్టలు పోస్తూనే ఉన్నాయి. ఆరేసిన చీరల మీద బూడిద. స్కూటరు మీద పోయేవాళ్ళ కళ్ళలో బూడిద. దీన్ని సిమెంటుకి బదులు వాడితే రెండు బాధలూ తీరతాయి కదా అని మొగుడూ పెళ్ళాం ఆ గదిలో చేరారు. బాయిలరు చూసుకునే ఏసుబాబు వాళ్ళకి తోడు కలిశాడు.

సన్నని మంట మీద కాల్చిన ఊక బూడిదలో సిలికా మెత్తగా, ఆకలి మీద ఉంటుంది. దానికి గుల్లసున్నం, నీళ్ళు తగిలిస్తే రాయవుతుంది. ఇది కొత్త సంగతేం కాదు. కొత్తది మిల్లు వెనక దొరికింది. ఏళ్ళ తరబడి వానకి తడిసిన బూడిదగుట్ట అడుగున బారెడు మేర బండలా బిగిసిపోయింది. సింహాద్రి సమ్మెటతో పగలగొట్టాడు. మర్నాడు వాన కురిసింది. ఆ తర్వాత చూస్తే పగులు లేదు.

హైమావతి ఆ ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. కంటికి కనపడని ప్రాణి ఒకటి అందులో కాపురముంటోంది. తడి తగిలితే చాలు, బూడిదనీ సున్నాన్నీ తిని రాయి కడుతుంది. దానికి పేరేం పెట్టాలో ఆలోచిస్తుంటే, ఏసుబాబు ఒక పాత గిన్నెలోంచి కొత్త గిన్నెలోకి చెంచాడు ముద్ద వేసి, మూత పెట్టి, "తోడేశానండమ్మగారూ" అన్నాడు. తోడు అన్న ఆ పేరే నిలిచిపోయింది.

మామూలు సిమెంటు పోసిన రోజు తాగిన నీళ్ళతో సరిపెట్టుకుంటుంది. ఇది అలా కాదు. మళ్ళీ అడుగుతుంది. ఇస్తే తాగుతుంది. తాగిన మేరకి పెరుగుతుంది. ఎప్పటికి చాలంటుందో వాళ్ళకింకా తెలియలేదు.

ఆ తెలియని రోజుల్లోనే మంగాయమ్మ వచ్చింది.

మంగాయమ్మ సింహాద్రి చెల్లెలు. ఏటి మధ్య గువ్వలంకలో కాపురం. వరదొచ్చిన ప్రతిసారీ ఏరు లంకని ఓ పక్క నుంచి కోసుకుపోతోంది. ఆ ఏడు వాళ్ళ కొబ్బరితోటలో సగం పోయింది. లంకకి సిమెంటు కోటా లేదు. చేతిలో మూత ఉన్న స్టీలు క్యాను పట్టుకుని సాయంత్రం పడవ దిగి తిన్నగా మిల్లుకొచ్చేసింది.

"వదినా, కాస్త తోడు పెట్టు."

హైమావతి గిన్నెల వంక చూసింది. ఇది ఇంకా చూడాల్సిన సరుకు, బయటికివ్వడానికి లేదు. ఆ మాట ఆడపడుచు మొహం మీద ఎలా అంటుంది? తోడు అడిగిన మనిషిని లేదని పంపిన ఇల్లు ఆవిడ ఎరుగదు. గూట్లో వెలుగుతున్న దీపం కనపడింది.

"దీపాలు పెట్టేశాను మంగా. ఈ వేళప్పుడు తోడివ్వరు. రేప్పొద్దున చూద్దాంలే."

"అది పెరుగు తోడు వదినా! రాళ్ళ తోడుక్కూడా పట్టింపులేనా?"

సింహాద్రి పగలబడి నవ్వాడు. "కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషివి, నీకివేం చాదస్తాలే! ఇలా తే మంగా క్యాను."

ఆయన నిండా పోశాడు. మంగాయమ్మ మూత బిగించి, పైన అరటాకు కట్టింది. హైమావతి వాళ్ళిద్దరినీ చూస్తూ నిలబడింది. అసలు కారణం చెప్పాలనుకుంది. ఇప్పుడు చెబితే, దీపం మాట వంకేనా వదినా అంటుందేమో అనిపించింది. పోనీ మంగ వెళ్ళాక ఆయనతో చెబుదామనుకుంది. ఆయన మంగని రేవు దాకా దిగబెట్టి వచ్చాడు. అప్పటికి అన్నం చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి వడ్డించింది. చెప్పలేదు.

లంక వాళ్ళు ఆ తోడుని తొట్లలో పెంచారు. ఏటి గుల్లలు కాల్చి సున్నం చేసుకున్నారు. పడవల మీద బూడిద తోలుకున్నారు. మగా ఆడా అంతా కలిసి లంక చుట్టూ కట్ట పోశారు. కట్ట అడుగున, మంచినీళ్ళ చెరువులోకి ఏటినీళ్ళు పెట్టుకోవడానికి మనిషి వంగి నడిచేంత తూము ఒకటి ఉంచారు.

మొదటి వరద వచ్చి కట్టని తన్ని, వెనక్కి పోయింది. కట్ట బీటలిస్తే బీటలు వాటంతటవే పూడాయి. పెద్దవాళ్ళొచ్చి దండలేసి ఫొటోలు దిగారు. మంగాయమ్మ ఓ గంపెడు కొబ్బరికాయలు పంపి, "వదినకి చెప్పు అన్నయ్యా, దీపాలు పెట్టాక ఇచ్చిన తోడు బాగానే తోడుకుంది" అని ఫోనులో నవ్వింది.

రెండో ఏడు కట్ట లావెక్కింది. ముందు ఎవరూ పట్టించుకోలేదు. లావైతే మంచిదేగా. ఆ తర్వాత కొబ్బరిమట్టలు వేలాడిపోయాయి. కట్ట దగ్గరున్న నూతులు ముందు ఇంకాయి, తర్వాత లోపలివి. ఎండాకాలం ఏట్లోకి సముద్రం ఉప్పు ఎగదన్నుతుంది. ఉప్పునీళ్ళు కట్టకి సయించవు, ఏదో బతిమాలితే తాగినట్టు తాగుతుంది. తీపినీళ్ళంటే మాత్రం నేల కిందనుంచి వేళ్ళు చాచినట్టు చాచుకుంటూ పోతుంది. ఒకరోజు మంగాయమ్మ ఫోనులో నవ్వలేదు.

"అన్నయ్యా, నూతిలో చేద వేస్తే రాయి తగులుతోంది. నీళ్ళున్నాయి, కనపడుతున్నాయి. మధ్యలో రాయి పరుచుకుంది. చెరువు కూడా అడుగంటింది. తూము పూడిపోయింది. పసిపిల్లలకి ఉప్పునీళ్ళు పట్టలేం కదా."

కట్టని చంపడం హైమావతికి తెలుసు. బాగా ఎండబెట్టి, కొలిమిలా కాలిస్తే తోడు చస్తుంది. అప్పుడు కట్ట కూడా పగిలిపోతుంది. వానాకాలానికి కట్ట లేకపోతే లంకే ఉండదు. కట్ట ఉండాలి, దాని దాహం మాత్రం పోవాలి. అలాంటి మందు కావాలి.

"బెల్లం" అన్నాడు సింహాద్రి.

"బెల్లమేంటండీ?"

"కాంక్రీటు లారీ దారిలో చెడిపోయిందనుకో, లోపల మాలంతా గట్టిపడబోతుంది. అప్పుడేం చేస్తాం? పంచదార పడేస్తాం. ఇక అది బిగియదు. మేస్త్రీ పనికొచ్చిన మొదటి ఏడే నేర్పే సంగతది. నువ్వు కెమిస్ట్రీ చెప్పావు, నేను పంచదార చల్లాను. ఎవరు గొప్ప?"

ఏసుబాబు నవ్వి, "చక్కెర చల్లినోళ్ళేనండి" అన్నాడు.

బల్ల మీద ఒక గిన్నెలో రాయి రోజుకింత పైకి లేస్తూ ఉంది. దాని మీద బెల్లప్పాకం పోశారు. మర్నాటికి రాయి కదల్లేదు. హైమావతి తూకం వేసింది. గోరంత తేడా లేదు. నీళ్ళు చిలకరించి చూసింది. నీళ్ళు పైనే నిలిచాయి. ఇన్నాళ్ళలో దాని మీద నీళ్ళు నిలవడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే మంగాయమ్మ మళ్ళీ ఫోను చేసింది. ఆనకట్ట నుంచి ఈ ఎండాకాలానికి ఆఖరి విడత తీపినీళ్ళు ఏట్లోకి వదిలారట. ఆ నీళ్ళు లంక దాటిపోయేలోగా తూము తెరుచుకుంటే చెరువు నిండుతుంది. దాటిపోతే వానలు పడే దాకా చుక్క లేదు.

సింహాద్రి ఫోను చేత్తో మూసి, పెళ్ళాం వైపు తిరిగాడు. "ఆగిందా?"

హైమావతి గిన్నె వంక చూసింది. "ఆగింది."

సంచీ ఆయన భుజాన వేసుకున్నాడు. రేవులో బ్యాటరీ పడవలోకి అచ్చుబెల్లం బస్తాలు ఎక్కించారు. హైమావతి గట్టు మీదే నిలబడింది. చిన్నప్పటి నుంచీ ఆవిడకి రేవులంటే పడవు. నీళ్ళ మీద వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు, మొహం చిన్నదైపోతూ ఉంటుంది, అది ఆవిడ చూడలేకపోయేది. అందుకని పడవ కదలకముందే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ తల వంచింది.

"మాత్ర పొద్దున్నే వేసుకోండి" అంది తల ఎత్తకుండానే.

"వేసుకుంటా. నువ్వు తిని పడుకో, నా కోసం కూర్చోకు" అన్నాడాయన. ఆవిడ తలెత్తేసరికి పడవ ఏటి మధ్యకి పోయింది.

ఆ రాత్రి ఫోను వచ్చింది. కట్ట పొడుగునా, నూతుల్లో, తూములో పాకం పోశారట. మర్నాడు ఫోను చేసి, కట్ట ఆగిందన్నాడు. చెంబుతో నీళ్ళు పోస్తే పక్కలకి జారిపోతున్నాయట. లంకంతా పండగలా ఉందట. మంగ పనసపొట్టు కూర చేసిందట, ఆవాలు కాస్త ఎక్కువయ్యాయట.

"రేప్పొద్దున తూము తవ్వేస్తాం హైమా. లోపల రాయి మెత్తగానే ఉంది. గునపం దిగుతోంది."

"మీరే దిగాలా?"

"వీళ్ళకి తూము పని రాదే. గునపం ఎటు పడితే అటు పొడిస్తే కప్పు మీద పడుతుంది. ఎంతసేపు? ఇలా వెళ్ళి అలా వచ్చెయ్యడమేగా."

మర్నాడు పొద్దున హైమావతి మిల్లుకి కాస్త ఆలస్యంగా వెళ్ళింది. ఏసుబాబు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. అతనెప్పుడూ గేటు దగ్గర నిలబడడు.

"అమ్మగారూ, ఓసారి గిన్నె చూడండి."

గిన్నె కనపడలేదు. గిన్నెని రాయి మింగేసింది. బల్ల మీద ఓ దిమ్మలా లేచి, పక్కనున్న కుళాయి దాకా పాకింది. కుళాయి ఎప్పుడూ బొట్లు బొట్లుగా కారుతూ ఉంటుంది. రాయి దాని మెడ చుట్టూ చుట్టుకుని, మూతి మూసేసింది. బల్ల మీద చుక్క తడి లేదు.

హైమావతి చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తీపి పోస్తే బిగియనిది సిమెంటు. ఇందులో సిమెంటు లేదు. ఇందులో ఉన్నది ప్రాణి. దానికి బెల్లం పోస్తే కడుపునిండా తాగి, రాళ్ళ పని మానేసి పడుకుంది. పడుకుని పిల్లల్ని పెట్టింది. తీపి అయిపోయాక ఇన్నింతలై లేచి, నీళ్ళ కోసం బయల్దేరింది. మూడో రోజు దాకా చూసి ఉంటే ఇదంతా ఇక్కడే, ఈ బల్ల మీదే కనపడేది.

ఫోను చేసింది. మంగాయమ్మ ఎత్తింది.

"వదినా! నీకు నూరేళ్ళాయుష్షు. ఇప్పుడే నీళ్ళొచ్చాయి! అన్నయ్య అడ్డం పొడిచేశాడు. ఏటినీళ్ళు తూములోంచి దబదబా వచ్చి చెరువులో పడుతున్నాయి. పిల్లలు చూడు ఎలా గెంతుతున్నారో..."

"మంగా, అన్నయ్యేడి?"

"లోపలే ఉన్నాడు, మోకాలి లోతు నీళ్ళలో మిగతా రాయి కొడుతున్నాడు. ఫోను తడుస్తుందని నాకిచ్చి వెళ్ళాడు."

"బయటికి రమ్మను. అన్నీ అక్కడే వదిలేసి రమ్మను. ఇప్పుడే."

"ఎందుకొదినా?"

"పిలువు మంగా."

మంగాయమ్మ అన్నయ్యా అని పిలవడం ఫోనులో వినపడింది. వెనకాల పిల్లల కేకలు, నీళ్ళ చప్పుడు. ఆవిడ మళ్ళీ పిలిచింది. మొగుడిని కూడా పిలవమంది. మగగొంతు ఒకటి బావా, బావా అని అరిచింది. అరుస్తూ ఉండగానే నీళ్ళ చప్పుడు సన్నబడింది. హైమావతి ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. పిల్లల కేకలు ఆగాయి.

"వదినా," అంది మంగాయమ్మ. "నీళ్ళు రావట్లేదు. తూము మూతి దగ్గర చెయ్యి పెట్టాను. రాయే. వెచ్చగా ఉంది."

  ఏసుబాబు స్టూలు తెచ్చి హైమావతి వెనకాల వేశాడు. కూర్చుంది. ఫోను కొయ్యలేదు. అవతల మంగాయమ్మ కూడా కొయ్యలేదు. అలా ఇద్దరూ చెవులకి ఆనించుకుని ఉండిపోయారు. ఛార్జింగు అయిపోయి ఏదో ఒక ఫోను ఆగిపోయింది.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. పడవలొచ్చి లంక వాళ్ళని ఇవతలి గట్టుకి చేర్చాయి, బడిలో దింపాయి. రాయి కోసే యంత్రం వచ్చింది. నీళ్ళు చిమ్ముతూ కోసే యంత్రమది. వద్దని హైమావతి చెప్పింది. ఉత్త సమ్మెటలతో రెండు రోజులు కొట్టారు. కొట్టినచోట రాత్రికి పూడేది. సమ్మెట వేసేవాళ్ళ చెమట చాలు దానికి.

ఇంట్లో ఆవిడ రోజూ రెండు గ్లాసుల బియ్యం కడిగేది. కడిగాక ఒక గ్లాసు తీసేసేది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. మంగాయమ్మ వచ్చి పక్కన చాప వేసుకుని పడుకుంది.

"నేను రాకపోయినా బాగుండేది వదినా. ఆ క్యాను పట్టుకుని."

"అడిగితే ఇచ్చాం."

"నువ్వు వద్దన్నావుగా. దీపాలు పెట్టేశాక ఇవ్వకూడదన్నావు. నేనే వినలేదు."

హైమావతి కప్పు వంక చూస్తూ పడుకుంది. అందుకు కాదు మంగా అని చెప్పడానికి నోరు తెరిచింది. ఇప్పుడది చెప్పి ఏం చెయ్యాలో తెలియక మూసుకుంది.

ఆఫీసర్లొచ్చారు. రాయి నేల కింద ఏటి గర్భంలోకి పాకుతోందని, అవతలి గట్టు చేరితే ఇక ఆపలేమని, కాల్చక తప్పదని, లోపల మనిషి ఉన్నాడు గనక ఇంటివాళ్ళ అనుమతి కావాలని చెప్పారు. వాళ్ళలో చిన్నవాడు ఆవిడ కాలేజీలోనే చదివాడట, మొహం చూడలేక టీ కప్పులోకి చూస్తూ మాట్లాడాడు.

"ఏం పెట్టి కాలుస్తారు బాబూ?" అని అడిగింది.

"ఏం పెడితే మంచిదంటారు మేడమ్?"

"ఊక పెట్టండి. నిలకడగా కాలుతుంది."

చుట్టుపక్కల మిల్లుల ఊకంతా పడవల మీద లంకకి తోలారు. కట్ట పొడుగునా, రెండు పక్కలా మనిషెత్తు పోశారు. ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున్నే అందరూ అక్కడికి చేరారు. వేడి కొలిచే గొట్టాలు కట్టలో దింపింది హైమావతే. తూము దగ్గర ఒకటి ఎక్కువ దింపింది.

ఎవరంటిస్తారన్న మాట వచ్చింది. లంక పెద్దలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మంగాయమ్మ మొగుడు ముందుకి రాబోయాడు.

"నువ్వుండు," అంది మంగాయమ్మ. "వదినా, నువ్వే అంటించు."

హైమావతి కాగడా పుచ్చుకుని తూము దగ్గరి ఊకకి అంటించింది. ఊక భగ్గున మండదు. లోలోపలే ఎర్రబడుతూ పోతుంది. ఆవిడ వెనక్కొచ్చి, గొట్టాల తాలూకు అంకెలు చూస్తూ కూర్చుంది. అంకె తగ్గినప్పుడు, అటు పక్క ఊక వెయ్యమని చెప్పింది. ఎవరో మంచినీళ్ళు తెచ్చిస్తే తాగి, గ్లాసు తిరిగిచ్చింది. కట్ట పగులుతూ టప్ టప్‌మని చప్పుళ్ళు వచ్చాయి. మంగాయమ్మ ఏడుస్తోంది. హైమావతి ఆ ఏడుపు వింది. తన పని కూడా ఆవిడే చేసిపెడుతున్నట్టు అనిపించింది.

చల్లారాక కట్ట మీద నీళ్ళు పోసి చూశారు. నీళ్ళు జారిపోయాయి. మూడు రోజులు చూసి, అప్పుడు చెప్పింది హైమావతి, ఆగిందని. పగుళ్ళు పూడ్చడానికి కోటా లేకుండానే లంకకి సిమెంటు బస్తాలు వచ్చాయి. మిల్లు గదికి సర్కారు వాళ్ళు తాళం వేశారు. ఏసుబాబు వేరే మిల్లులో బాయిలరుకి కుదిరాడు.

తొలకరికి నూతుల్లో నీళ్ళూరాయి. గువ్వలంక వాళ్ళు మూటలూ మేకలూ పిల్లలతో పడవలెక్కారు. మంగాయమ్మ ఆఖరి పడవలో వెళ్ళింది. అందరూ తిరిగి ఎవరిళ్ళకి వాళ్ళు చేరారు. సింహాద్రి తిరిగి రాలేదు. రెండువేల నలభై ఒకటో సంవత్సరం, ఏప్రిల్ పదో తేదీ పొద్దున ఆయన తూములోకి దిగాడు. ఆ తర్వాత ఎవరూ ఆయన్ని చూడలేదు.